గాలిలో బిగించిన బోల్టు

"శబ్దం రాదనే గదప్పా ఎలక్ట్రిక్ బండి కొనేది! ఇది సూడు, తప్పెట మాదిరి వాయిస్తాండాది."

ఆ మాటతో పాటే ఒక నీలం రంగు డెలివరీ వ్యాను పీర్ సాహెబ్ షెడ్డులోకి వచ్చి ఆగింది. పుంగనూరులో పలమనేరు రోడ్డు మీద ఉన్న పాత షెడ్డు అది. బయట వాన దంచి కొడుతోంది. డ్రైవర్ సీట్లోంచి దిగిన అమ్మాయి తల మీద తడిసిన చున్నీ, చేతిలో తాళం, ముక్కు మీద కోపం.

మునిశేఖర్ ఒక ఆటో కింద నుంచి తల బయటికి పెట్టి చూశాడు. చూసి, అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువసేపే చూశాడు.

"ఏమప్పా, సూస్తానే ఉంటావా, లేస్తావా?"

"లేస్తాను మేడం. వాయించేది బండా, మీరా అని సూస్తాండా."

"నేను వాయించేది మొదలుపెడితే నీ షెడ్డు రేకులు లేస్తాయి. నాలుగ్గంటలకు కుప్పంలో ఉండల్ల నేను. బిరీన సూడు."

మునిశేఖర్ చేతులు తుడుచుకుంటూ లేచాడు. అతనికి ఇరవై ఏడేళ్లు. పుంగనూరులో బ్యాటరీ బండ్లు బాగుచేయడంలో తనను మించినవాడు లేడని అతని గట్టి నమ్మకం. ఊరిది కూడా అదే నమ్మకం. సోమల పక్క పల్లెలో కూలికి పోయిన మునెయ్య కొడుకు ఐటీఐ చదివి, బెంగళూరులో ఆరు నెలలు ట్రైనింగ్ చేసి, ఐదేళ్లుగా పీర్ సాహెబ్ చేతి కింద పనిచేసి సంపాదించుకున్న పేరు అది. ఆ పేరంటే అతనికి అన్నం కన్నా ఎక్కువ.

"యాడ నుంచి వస్తాండారు?"

"మదనపల్లె. పొద్దున ఆడ పార్సిళ్ళు ఎత్తుకుంటాను, సాయంత్రం నాలుగు లోపల కుప్పం గోడౌన్‌లో దించుతాను. రోజూ ఇదే పని. ఈ నెల్లో రెండు సార్లు లేటయినా. మూడో సారి లేటయితే రూటు ఇంకొకరికి ఇచ్చేస్తారు." ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆమె గొంతులోని కోపం కాస్త పక్కకు తప్పుకుంది. "ఈ రూటు కోసం రెండేళ్లు తిరిగినా నేను. ఆడపిల్ల వ్యాను తోలేదేందని అందరూ నవ్వినారు."

"రెండు సార్లు యాల లేటయింది?"

"యాలంటే? ఈ శబ్దానికే. అరవైలో పోతే చక్రం ఊడిపోతాదేమోనని భయం. నలభైలో పోతే లేటు."

మునిశేఖర్ జాకీ తోసుకుంటూ వచ్చాడు.

"ఇదో, బ్యాటరీ కింద పెట్టేవు!"

"మేడం, నేను మీ బండి తోలేదానికి వచ్చినానా? మీరు నా పనికి యాల వస్తారు?"

"మేడం ఏంది మేడం? సుష్మ నా పేరు. మాది గుడుపల్లె."

"శేఖర్. మాది నోరు మూసుకుని పని చేసే షెడ్డు."

"పేరు బాగుండాది. రెండోది అబద్ధం."

ముందు ఎడమ చక్రం పైకి లేచింది. చక్రం విప్పి, కింద ఒక గడ్డపలుగు పెట్టి మునిశేఖర్ ఇలా ఎత్తాడో లేదో, టక్కుమంది. దొంగ దొరికిపోయాడు. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చేయి ఒకటి ఉంటుంది, లోయర్ ఆర్మ్ అంటారు. దాని లోపలి కొసన రబ్బరు బుష్షులుంటాయి. చక్రం గుంతలో దిగి లేచినప్పుడల్లా ఆ రబ్బరే కుదుపును మింగుతుంది. ఆ రబ్బరు ఇప్పుడు నిలువునా చినిగి, ఇనుముకు ఇనుము తగులుతోంది.

"ఆర్మ్ పోయింది. కొత్తది వేయల్ల."

"మళ్ళీనా! నాలుగు నెలల కింద కదా కొత్తది వేసింది!"

"నాలుగు నెలలా?" మునిశేఖర్ టార్చ్ వేసి చూశాడు. చూసి, గురువు శిష్యురాలికి పాఠం చెప్పే ధోరణిలో గొంతు సవరించుకున్నాడు. "సూడు సుష్మా. ఇది రోడ్డు తప్పు కాదు, నీ తప్పూ కాదు. ఈ బుష్షు బోల్టు బిగించేటప్పుడు బండి బరువు చక్రాల మీద ఉండల్ల. అప్పుడే రబ్బరు నిమ్మళంగా ఉంటాది. ఎవడో బండి జాకీ మీద ఉండంగానే, చక్రం గాలిలో యాలాడతాండంగానే బిగించేసినాడు. కిందికి దించంగానే రబ్బరు మెలి తిరిగింది. తడి తువ్వాలు పిండతామే, ఆ మాదిరి. పిండిన తువ్వాలు నాలుగు నెల్లు పిండినట్టే పెడితే సినగదా?"

సుష్మ కళ్ళు పెద్దవయ్యాయి. మొదటిసారి ఆమె అతన్ని మర్యాదగా చూసింది. మునిశేఖర్‌కి ఆ చూపు బాగా నచ్చింది. నచ్చింది కాబట్టి ఇంకో రెండు మాటలు ఎక్కువ మాట్లాడాడు.

"ఇట్లా బిగించినోడు మెకానిక్కు కాదు, గాడిద."

"గాడిదే."

"చేతికి స్పానరిచ్చినోణ్ణి అనల్ల ముందు."

"ఆ గాడిద నాకు కనపడితే, నా రెండు లేట్లూ వాడి నెత్తిన కొట్టి పోతాను," అంది సుష్మ.

"కొట్టల్ల! అట్లాంటోళ్ళను కొడితేనే బుద్ధొచ్చేది," అంటూ మునిశేఖర్ బోల్టు తల మీది మట్టిని గుడ్డతో తుడిచాడు.

మట్టి కింద ఆకుపచ్చ గీత కనిపించింది.

పీర్ సాహెబ్ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బోల్టు బిగించినవాడు దాని మీద గోళ్ళరంగుతో గీత గీయాలి. బోల్టు వదులైతే గీత పక్కకు జరిగి తెలిసిపోతుంది. ఒక్కొక్క మెకానిక్కుది ఒక్కొక్క రంగు. పీర్ సాహెబ్ భార్య జుబేదా గాజుల అంగడికి పోయినప్పుడల్లా ఆ రంగు సీసాలు కొని పంపుతుంది. సాహెబ్‌ది ఎరుపు, ఇమ్రాన్‌ది గులాబీ.

ఆకుపచ్చ మునిశేఖర్‌ది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మునిశేఖర్ బొటనవేలు తనంతట తానే వెళ్ళి ఆ గీతను కప్పేసింది.

"ఏమయిందప్పా? ఉన్నట్టుండి నోరు పడిపోయిందే?"

"ఏం లేదు. ఈ బండి... ముందు తెల్లగా ఉండేదా?"

"ఆఁ. మూడు నెలల కింద హరినాథ్ అన్న తావ కొన్నాను. కొన్నాక నీలం రంగు వేయించినా. నీకెట్లా తెలుసు?"

"అంచుల్లో తెలుపు కనపడతాండాది," అన్నాడు మునిశేఖర్. అది నిజమే. కాని అతనికి గుర్తొచ్చింది వేరే. జూన్ నెల. ఇలాంటి వానే. షెడ్డులోని గుంత నిండా నీళ్ళు. బండి నేల మీద ఉండగా కింద దూరి బిగించాలంటే ఆ గుంతలో దిగాలి. హరినాథ్ పెళ్ళికి పోవాలని నెత్తిన కూర్చున్నాడు. రేపు తీసుకురా, సరిగ్గా బిగిస్తానని చెప్పి, అప్పటికి గాలిలోనే బిగించి పంపాడు. హరినాథ్ మళ్ళీ రాలేదు. మునిశేఖర్ మళ్ళీ తలుచుకోలేదు.

పని అయ్యాక చెబుతాను, అనుకున్నాడు. ముందు బండి లేవాలి.

మదనపల్లెలో స్పేర్‌పార్ట్స్ అంగడి షకీల్‌కు ఫోను చేశాడు. సరుకు ఉంది. పుంగనూరు వచ్చే బస్సులో డ్రైవరు పక్కన పెట్టి పంపుతానన్నాడు షకీల్. ఆ ఊళ్ళ మధ్య సగం వ్యాపారం అలా బస్సు డ్రైవర్ల కాళ్ళ దగ్గరే సాగుతుంది. ఆలోపల పాత ఆర్మ్ విప్పే పని. ఆర్మ్‌ను చక్రానికి కలిపే బాల్ జాయింటు తుప్పు పట్టి మొండికేసింది. సుత్తితో నాలుగు పక్కలా కొడితే గానీ వదల్లేదు.

"నేను పట్టుకుంటాను, నువ్వు కొట్టు," అని సుష్మ చున్నీ నడుముకు చుట్టి కింద కూర్చుంది.

"చేతులు నల్లగయితాయి."

"స్టీరింగ్ పట్టి ఇప్పుడేమన్నా ఎర్రగుండాయా?"

పన్నెండున్నరకు బస్సు. మునిశేఖర్ బైకు తీశాడు. సుష్మ వెనకాలే వచ్చి ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకు?"

"నువ్వు దారిలో టీ తాగను ఆగుతావు. నాకు మగోళ్ళ సంగతి తెలుసు."

ఆమె గొడుగు పట్టింది. గాలికి ఆ గొడుగు తిరగబడి పువ్వులా విచ్చుకుంది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. బస్టాండులో ఆర్మ్ అందుకుని వెనక్కి వస్తుంటే, పసిబిడ్డను పట్టుకున్నట్టు ఆమె ఆ ఇనుప ముక్కను ఒళ్ళో పెట్టుకుని, గోనెపట్ట కప్పి, "నేను తడిసినా పరవాలేదు, ఇది తడవకూడదు," అంది. మునిశేఖర్‌కి గుండెలో ఏదో బోల్టు వదులైంది. అలాంటి పిల్లకు రెండు లేట్లు తెచ్చిపెట్టింది తనేనని గుర్తొచ్చి, ఆ పక్కనే ఇంకోటి బిగుసుకుంది.

ఒంటిగంటకల్లా కొత్త ఆర్మ్ ఎక్కింది. బాల్ జాయింటు నట్టు పడింది. బుష్షు బోల్టులు రెండూ చేత్తో తిప్పినంత వరకూ తిరిగాయి. చక్రం కూడా ఎక్కింది. ఇక మిగిలింది బుష్షులు బిగించడమే.

షెడ్డు గుంతలో నీళ్ళు నడుము లోతున ఉన్నాయి.

"బిగించెయ్," అంది సుష్మ గడియారం చూసి. "ఇప్పుడు బయల్దేరితే మూడున్నరకు కుప్పం."

"గుంతలో నీళ్ళుండాయి. బండి నేల మీద పెడితే కిందికి దూరను జాగా లేదు. నాలుగు చక్రాల కిందా మొద్దులు పెట్టి ఎత్తల్ల. అప్పుడు బరువు చక్రాల మీదే ఉంటాది, నేను కింద దూరగలను."

"ఎంతసేపు?"

"ముప్పావుగంట."

"ముప్పావుగంటా! దారిలో వాన. నాలుగు దాటిపోతాది. వద్దు, గాలిలోనే బిగించెయ్."

"కుదరదు."

"నేనే సెప్తాండా గదా! బండి నాది. ఈ పొద్దుకు అట్లా బిగించు. రేపు మళ్ళీ వస్తాను, అప్పుడు సక్కగా బిగిద్దువు."

అచ్చం జూన్ నెలలో తను అన్న మాటే. మునిశేఖర్ స్పానరు కింద పెట్టాడు. ఇప్పుడు అబద్ధం ఆడటం చాలా సులువు. అడిగింది ఆమే. బిగించి, గీత గీసి, నవ్వుతూ పంపేయవచ్చు. రేపు ఆమె రావచ్చు, రాకపోవచ్చు.

"రేపు రావు సుష్మా. ఎవరూ రారు. పోయినసారి నేనూ అట్లే అనుకున్నా."

"పోయినసారా?"

"ఆ గాడిదను నేనే."

మునిశేఖర్ పాత బోల్టు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆకుపచ్చ గీత చూపించాడు. రంగుల పద్ధతి చెప్పాడు. జూన్ నెల, హరినాథ్, గుంతలో నీళ్ళు, అన్నీ చెప్పాడు. ఏదీ తగ్గించలేదు.

"పొద్దుననే తెలుసునా నీకు?"

"తెలుసు."

"నాతో పాటు నువ్వూ తిట్టినావు గదా!"

"తిట్టినాక తెలిసింది."

సుష్మ ముఖంలోకి ఎరుపు వచ్చింది. ఒకసారి గడియారం చూసింది. ఒకసారి అతన్ని చూసింది. బోల్టును సీటు మీదికి విసిరింది.

"నిన్ను తిట్టేది బండి కదిలినాక తిడతాను. మొద్దులు యాడుండాయి?"

ఇద్దరూ కలిసి మొద్దులు మోశారు. ఒక్కొక్క మూల ఎత్తి, ఒక్కొక్క చక్రం కింద పెట్టారు. మునిశేఖర్ బురదలో వెల్లకిలా పడుకుని కిందికి దూరి, బరువు మీద ఉన్న బోల్టులను టార్క్ రెంచితో, బిగువు సరిపోయి అది టిక్కుమనేదాకా బిగించాడు. సుష్మ టార్చ్ పట్టింది. పట్టింది గాని మాట్లాడలేదు. చిన్నగా తిట్టినా బాగుండునని అనిపించింది మునిశేఖర్‌కి.

అప్పటికి నమాజు నుంచి పీర్ సాహెబ్ వచ్చాడు. తెల్ల గడ్డం, మడత నలగని లాల్చీ. వచ్చీ రాగానే నూలు దారం చక్రాలకు ఆనించి పట్టి, ముందు వెనకలు సరిగ్గా ఉన్నాయో లేదో చూశాడు.

"ఠీక్ హై. ఇది కుప్పం దాకా చాలు. ఆడ కంప్యూటర్ అలైన్‌మెంట్ చేయించుకో బేటీ. శేఖర్, ఎక్కు బండి."

"ఈయన యాల సాహెబ్?" అంది సుష్మ.

"చక్రాల పని చేస్తే, చేసినోడు ఆ బండ్లో పక్కన కూర్చుని, బండి చేరేదాకా పోవల్ల. నలభై ఏండ్ల రూలు మాది. తన ప్రాణం పెట్టి బిగించినాడని నీకు తెలియద్దా?"

"జూన్ నెల్లో ఈ రూలు యాడ పోయింది సాహెబ్?"

పీర్ సాహెబ్ మునిశేఖర్ వైపు తిరిగాడు. మునిశేఖర్ తల దించుకున్నాడు. "నేను అజ్మీర్ పోయినానమ్మా జూన్‌లో," అన్నాడు సాహెబ్. "పిల్లి లేకుంటే ఎలుకలకు పెళ్ళే గదా." ఇంకేం అనకుండా షెడ్డు పేరున్న కాగితాల పుస్తకం ఒకటి మునిశేఖర్ చేతిలో పెట్టాడు. "బాకీ పని ఏదన్నా ఉంటే ఆడ పూర్తి చేసి రా."

ఒకటి యాభైకి బండి కదిలింది. వెనక పార్సిళ్ళు, ముందు ఇద్దరు మనుషులు, మధ్యలో గోనెపట్టలో పాత ఆర్మ్.

పలమనేరు దాకా ఆమె చెవి ఎడమ చక్రం మీదే ఉంది. పలమనేరు దాటాక ఒక గుంత కనిపిస్తే కావాలనే ఎడమ చక్రం అందులో దించింది. టక్కు లేదు. చక్రం దిగింది, లేచింది, అంతే. ఆమె పెదవి కొస కదిలింది గాని నవ్వు కింద లెక్కపెట్టడానికి లేదు.

తర్వాత తిట్లు మొదలయ్యాయి. వి.కోట దాకా సాగాయి. ఒళ్ళు బలిసిందని తిట్టింది, పేరు చూసుకుని పొగరని తిట్టింది, తొందరపాటని తిట్టింది, పొద్దుననే చెప్పనందుకు అన్నిటికన్నా ఎక్కువ తిట్టింది. మునిశేఖర్ కిటికీ అద్దానికి పట్టిన ఆవిరి తుడుస్తూ అన్నీ విన్నాడు.

"ఏం, మాట్లాడవే?"

"నువ్వనేవన్నీ నిజం. అబద్ధం వచ్చినప్పుడు అడ్డం పడదామని కూర్చోనుండా."

"వచ్చిందా?"

"ఒకటి వచ్చింది. నాకు కండ్లు లేవన్నావు. ఉండాయి. పొద్దున్నుంచీ నిన్నే సూస్తాండాయి."

వైపరు అటూ ఇటూ రెండు సార్లు తిరిగింది. సుష్మ రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"బురదంతా ముఖానికి పెట్టుకుని మాటలు సూడు," అంది చివరికి. డ్యాష్‌బోర్డు మీది తువ్వాలు తీసి అతని ఒళ్ళోకి విసిరింది. "తుడుచుకో. నా బండ్లో అట్లా కూర్చోవద్దు."

వాన వాళ్ళకు సాయం చేయలేదు. కుప్పం పొలిమేరలో రోడ్డు మీద నీళ్ళు నిలిచి బండ్లన్నీ చీమల్లా పాకాయి. గోడౌన్ గేటు దగ్గర సెక్యూరిటీ స్కానర్ కొట్టేసరికి నాలుగూ పన్నెండు.

సుష్మ స్టీరింగ్ మీద చేతులు అలాగే పెట్టుకుని కూర్చుంది. "మూడోది," అంది. ఆ ఒక్క మాటే. మునిశేఖర్‌కి ఆ ఒక్క మాట ముందు దారి పొడుగునా తిన్న తిట్లు ఏమీ కావనిపించింది.

గోడౌన్ ఇన్‌చార్జ్ మాధవి. కళ్ళజోడు, మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్. మంచి మనిషే గాని రూలు రూలే అనే మనిషి.

"బండి చెడిపోయింది మేడం," అంది సుష్మ. "దారిలో లోయర్ ఆర్మ్ మార్చినాము."

"బ్రేక్‌డౌన్ అయితే లేటు వేయను సుష్మా. కాని ఆర్మ్ నాలుగు నెలల క్రితమే కొత్తది వేసినట్టు నీ బండి రికార్డులో ఉంది. ఇంత తొందరగా పోయిందంటే డ్రైవరు గుంతల్లో తోలినట్టే లెక్క. అది డ్రైవర్ ఫాల్ట్. నన్నేం చేయమంటావు?"

"డ్రైవర్ ఫాల్ట్ కాదు మేడం," అన్నాడు మునిశేఖర్, గోనెపట్ట విప్పి పాత ఆర్మ్‌ను ఆమె టేబుల్ మీద పెడుతూ. "మెకానిక్ ఫాల్ట్."

"ఎవరా మెకానిక్? వచ్చి రాసిస్తాడా?"

"వచ్చినాడు మేడం. రాసిస్తాడు."

పీర్ సాహెబ్ ఇచ్చిన పుస్తకం తెరిచాడు. తడి చేతులు జుట్టుకు తుడుచుకుని, గుండ్రటి అక్షరాలతో రాశాడు. పుంగనూరు షెడ్డులో పనిచేసే మునిశేఖర్ అనే నేను, జూన్ నెలలో ఈ బండి ఎడమ లోయర్ ఆర్మ్ బుష్షులను చక్రం గాలిలో ఉండగా బిగించాను. అది తప్పు అని నాకు అప్పుడే తెలుసు. ఆ తప్పు వల్ల రబ్బరు చినిగింది. ఈ నెలలో ఈ బండికి అయిన మూడు ఆలస్యాలూ దాని వల్ల అయినవే. డ్రైవరు సుష్మ తప్పు ఏమీ లేదు.

కింద సంతకం, పేరు, ఫోన్ నంబరు.

మాధవి రెండుసార్లు చదివింది. కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఇది మన డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. నలభై మంది డ్రైవర్లు చూస్తారు. మదనపల్లె నుంచి ఇక్కడి దాకా అందరూ. నీ పేరు పోతుంది కదయ్యా?"

"పోయింది జూన్ నెల్లోనే మేడం. ఈ పొద్దు తెలిసింది, అంతే."

మాధవి ట్యాబ్ మీద ఏదో నొక్కింది. "మూడూ తీసేస్తున్నాను. రూటు నీదే సుష్మా. పార్సిళ్ళు దించు."

సుష్మ మునిశేఖర్ వైపు చూసింది. పొద్దున పాఠం చెప్పినప్పుడు చూసిన మర్యాద చూపు కాదు అది. దానికి మించింది. అతను తట్టుకోలేక ఆర్మ్‌ను మళ్ళీ గోనెపట్టలో చుట్టే పని పెట్టుకున్నాడు.

పార్సిళ్ళు సగం దించారో లేదో పక్క బండి డ్రైవరు రాజేంద్ర ఫోను పట్టుకుని వచ్చాడు. ఈ కాగితం రాసింది ఎవరప్పా అని అడిగాడు. మునిశేఖర్ మెడ వంచి, నేనే అన్నాడు.

"నా బండి గూడా సూస్తావా? నా మెకానిక్కు ఇదే ఆర్మ్ మూడు తూర్లు మార్సినాడు. ప్రతి తూరీ రోడ్డు బాగలేదంటాడే గాని నేను బాగ బిగించలేదని ఒక్కనాడూ అన్లేదు. ఆదివారం పుంగనూరు వస్తాను, నంబరిందులోదే గదా?"

"అదే. కాని అన్నా, వానొస్తే ముప్పావుగంట జాస్తి పడతాది."

"పడనీలేప్పా!"

సుష్మ గట్టిగా నవ్వేసింది. పొద్దున్నుంచీ దాచుకున్న నవ్వంతా ఒకేసారి బయటపడింది. పేరు పోతుందని వచ్చినవాడు పేరు పెంచుకుని కూర్చున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గదా.

ఐదున్నరకు గోడౌన్ ఎదుట కంపెనీ బస్సు ఆగింది. సుష్మ తల్లి సిద్దమ్మ దిగింది. ఒకప్పుడు పరాయి చేలల్లో కలుపు తీసిన మనిషి, ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో నెలజీతం. రోజూ ఇక్కడ దిగి కూతురి బండ్లో ఇంటికి పోతుంది. టీ అంగడి బెంచీ మీద కూర్చుని, బురద పట్టిన కొత్త మనిషిని తల నుంచి కాలి దాకా చూసింది.

"ఎవరమ్మే ఈయబ్బాయి?"

"మన బండి పాడు సేసినాయనమ్మా."

"బాగు సేసిందెవరు?"

"ఈయనే."

"మరి ఈడికి యాల వచ్చినాడు?"

"తప్పు నాదేనని రాసిచ్చేదానికి. రూటు నిలిచిందమ్మా. ఈయన రాసిస్తేనే నిలిచింది."

సిద్దమ్మ టీ గ్లాసు అటూ ఇటూ తిప్పింది. "తప్పు సేయని మగోణ్ణి నేను సూడలేదు," అంది. "ఒప్పుకున్నోణ్ణి ఇదే సూసేది. ఏమప్పా, అన్నం తిన్న్యావా పొద్దున్నుంచి?"

"లేదమ్మా."

"ఈ అమ్మి ఎవర్నీ తిననీదు. తిట్టను ఉండే టైము తిండికి ఉండదు దానికి." అంగడాయనకు కేకేసి రెండు ప్లేట్ల బోండాలు చెప్పింది. రెండిట్లో ఒకటీ తన కోసం కాదు.

పుంగనూరు వైపు పోయే బస్సు దూరంగా కనిపించింది. వాన తగ్గి రోడ్డు మెరుస్తోంది. మునిశేఖర్ లేచి, చెయ్యి తుడుచుకుని, ఏం చెప్పాలో తెలియక గోనెపట్ట ఎత్తుకున్నాడు. సుష్మ అతని వెంట నాలుగు అడుగులు వేసింది.

"ఈ రూటు ఇంక నాదే," అంది. "రేపు పదకొండుకు పుంగనూరు దాటతాను. ఎల్లుండీ దాటతాను. మీ షెడ్డు ముందర ఆగమంటావా, నేరుగా పొమ్మంటావా?"

"ఆగు."

"యాల? బండికేం కాలేదు గదా."

"బండి కోసం కాదు. నీ కోసం. నువ్వంటే నాకిష్టం సుష్మా. మధ్యాహ్నం నీ చేతిలో బోల్టు పెట్టినప్పుడు నా భయమంతా రూటు గురించి కూడా కాదు, నువ్వు నన్ను మళ్ళీ సూడవేమోనని. ఇంతకు ముందు నేను ఎవరి ముందరా అట్లా భయపడలేదు."

ఎప్పుడూ గడియారం చూసే పిల్ల ఈసారి చూడలేదు.

"నాకూ ఇష్టమే. తువ్వాలు విసిరేటప్పటికే ఇష్టం," అంది. "ఎంతసేపు ఆగల్ల రోజూ?"

"పది నిమిషాలు. పెళ్ళయ్యేదాకా."

"పది నిమిషాలకు నేను ఒప్పుకుంటా. పెళ్ళి మాట అడగల్సింది నన్ను కాదు, ఆ పక్కన ఉండాది."

మునిశేఖర్ తిరిగి చూశాడు. బస్సు వచ్చి ఆగింది. కండక్టరు పలమనేరు, పుంగనూరు అని అరుస్తున్నాడు. బెంచీ మీద సిద్దమ్మ ఏమీ విననట్టే టీ ఊదుకుంటోంది. ఊదుకుంటూనే చీర కుచ్చెళ్ళు సర్దుకుని, బెంచీ మీద పక్కకు జరిగి, ఒక మనిషి కూర్చునేంత జాగా చేసింది.

"కూర్చో అప్పా," అంది. "ఆ బస్సు పోతే ఇంకోటి వస్తాది."